నష్టానికి అమ్మలేక, వడ్డీ ఆపలేక తొమ్మిదేళ్ళు: తెలిసిన లెక్కను మనిషి ఎందుకు వేయడు?

నాగావళి_గట్టు
శ్రీకాకుళంలో ఉంటాను. ప్రభుత్వ ఉద్యోగం, వయసు 51. 2016 మార్చిలో విజయనగరం జిల్లాలో 200 గజాల స్థలం 8 లక్షలకు కొన్నాను. అప్పట్లో ఎక్కడ చూసినా భోగాపురం విమానాశ్రయం మాటే. నేను కొన్నది అక్కడికి 20 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా "రన్‌వే పడితే గజం ధర ఆకాశంలో ఉంటుంది" అని మధ్యవర్తి అన్న మాట మనసులో నాటుకుపోయింది. చేతిలో 3 లక్షలు ఉన్నాయి. మిగతా 5 లక్షలు నోటు రాసి రూపాయిన్నర వడ్డీకి తెచ్చాను. నెలకు 7,500.

లేఅవుటుకు అనుమతి లేదని తర్వాత తెలిసింది. 2019లో ఒకాయన 7 లక్షలకు అడిగాడు. ఇవ్వలేదు. 2022లో మరొకరు ఆరున్నరకు అడిగారు. ఇవ్వలేదు. మూడేళ్ళకోసారి నోటు తిరగరాస్తూ వచ్చాను. వచ్చే నెలలో నాలుగో నోటు రాయాలి. నిన్న రాత్రి కాగితం తీసి లెక్క వేస్తే ఇంతవరకు కట్టిన వడ్డీ 8 లక్షల 10 వేలు. స్థలం ధరనే దాటిపోయింది. అసలు 5 లక్షలు అలాగే ఉంది.

నాకు లెక్కలు రావనుకోకండి. ఆఫీసులో జీతాల బిల్లులు చూసేది నేనే. ఈ లెక్క 2019లోనే వేయగలిగేవాణ్ణి, వేయలేదు. అందుకే స్థలం గురించి కాదు, నా గురించి అడుగుతున్నాను. తెలిసిన లెక్కను మనిషి ఎందుకు వేయడు?

గంటస్తంభం
రిజిస్ట్రేషన్ మీ పేరు మీదే ఉందా? ఈమధ్య ఈసీ (స్థలం మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం) తీయించారా?

నాగావళి_గట్టు
ఉంది, తీయించాను. చిక్కేమీ లేదు. చిక్కంతా ఒక్క మాట దగ్గరే: ఎనిమిదికి కొన్నది ఏడుకు ఎలా ఇస్తాను?

బొబ్బిలి_కోట
దీనికి శాస్త్రం ఎందుకండీ? దురాశ. ఆశ లావు, పీక సన్నం అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?

నాగావళి_గట్టు
2016కు ఆ మాట ఒప్పుకుంటాను. కానీ 2019లో నాకు ఆశ లేదు, భయం ఉంది. కొనవద్దని మా మామగారు ఆరోజే చెప్పారు. లక్ష పోగొట్టుకుని వచ్చి ఆయన ఎదుట భోజనానికి ఎలా కూర్చోవాలన్నదే నా భయం. దాన్ని దురాశ అంటే నాకు జవాబు దొరకదు.

చీపురుపల్లి_మాస్టారు
మీ జవాబు మీ రెండో పోస్టులోనే ఉంది: "ఎనిమిదికి కొన్నది." కొన్న ధర మీ మనసులో గుంజలా పాతుకుపోయింది. తాడు పొడవున్నంత మేరే ఆవు తిరిగినట్టు మీ ఆలోచన ఆ ఎనిమిది చుట్టూనే తిరుగుతోంది. అమ్మేవాడు ఎంతకు కొన్నాడన్నది కొనేవాడికి ఎందుకు? అతను ఈనాటి స్థలాన్ని చూస్తాడు.

డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో దీన్ని సిద్ధాంతంగా రాశారు. మనిషి తన మొత్తం ఆస్తి ఎంతో చూసి నిర్ణయించడు. ఏదో ఒక గుర్తు దగ్గర నిలబడి, దానికి పైన ఉన్నానా కింద ఉన్నానా అని చూస్తాడు. ఆ గుర్తుకు కిందికి పోయే వెయ్యి రూపాయలు పైకి వచ్చే వెయ్యి కంటే సుమారు రెండింతలు బరువుగా తోస్తాయి. ఈ పనికి కానెమన్‌కు 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ట్వెర్‌స్కీ అప్పటికి ఆరేళ్ళ క్రితమే చనిపోయారు.

మా స్టాఫ్ రూములో ఒకసారి అడిగాను. నాణెం ఎగరేస్తాను, బొరుసు పడితే మీరు నాకు వెయ్యి ఇవ్వాలి, మరి బొమ్మ పడితే నేను ఎంత ఇస్తానంటే ఆడతారు? పదకొండు మందిలో ఎనిమిది మంది రెండు వేలకు తక్కువైతే ఆడమన్నారు. వారిలో లెక్కల మాస్టారూ ఉన్నారు.

మీ విషయంలో ఇంకొకటి ఉంది. ఏడుకు అమ్మితే లక్ష నష్టం ఒక్క రోజున, సంతకంతో సహా, మామగారి ఎదుట బయటపడుతుంది. వడ్డీ అలా కాదు, నెలనెలా చప్పుడు లేకుండా పోతుంది. ఆ లక్ష తప్పించుకోవడానికి 2019 నుంచి ఇప్పటిదాకా మీరు కట్టింది 5 లక్షల 40 వేలు.

గంటస్తంభం
మాస్టారి పోస్టు సిరిమానంత పొడవుంది. అయినా చివరిదాకా చదివాను.

సాలూరు_స్టీరింగు
నాకు స్థలం లేదు, లారీ ఉండేది. పక్కింటాయన రెండో బండి తీశాడని నేనూ తీశాను. పాత బండి. మొదట ఇంజను పని, తర్వాత గేరుబాక్సు, ఆ తర్వాత టైర్లు. ప్రతిసారీ ఇంట్లో నేను చెప్పినది ఒకటే: "ఇంత పెట్టాం కదా." చివరికి తుక్కు కింద ఇచ్చేశాను. ఇచ్చిన రోజు రాత్రి మూడేళ్ళ తర్వాత హాయిగా నిద్రపోయాను.

చీపురుపల్లి_మాస్టారు
ఆ "ఇంత పెట్టాం కదా" మీద కూడా పరిశోధన ఉంది. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రచురించారు. అమెరికాలో ఒక నాటకశాల ఏడాది టిక్కెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు అమ్మారు. ఎవరికి ఏ ధర అన్నది కేవలం అదృష్టం. పూర్తి ధర పెట్టినవాళ్ళు తొలి నెలల్లో ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకం అందరికీ ఒకటే, వాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టింది పెట్టిన డబ్బు.

పొదుపుసంఘం_అక్క
నాగావళి గారూ, ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేస్తూ బ్యాంకులో ఏమీ దాచలేదా?

నాగావళి_గట్టు
4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది అక్కా. 7 శాతం వడ్డీ వస్తుంది. అది అమ్మాయి పెళ్ళి డబ్బు, దాన్ని ముట్టుకోను.

గంటస్తంభం
అయ్యో.

బొబ్బిలి_కోట
బ్యాంకు మీకు 7 ఇస్తోంది, మీరు 18 కడుతున్నారు. ఆగండి, లెక్క వేస్తాను. ఆ 4 లక్షలు అప్పుకు కట్టి ఉంటే ఏడాదికి 72 వేల వడ్డీ తగ్గేది. డిపాజిట్ మీద వచ్చే 28 వేలు పోయేవి. అంటే ఏడాదికి 44 వేలు మీ చేతుల్లోంచి ఊరికే జారిపోతున్నాయి. దురాశ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఇది వేరే జబ్బు.

చీపురుపల్లి_మాస్టారు
దీన్ని మనసులోని ఖాతాలు అనవచ్చు. రిచర్డ్ థేలర్ 1985లో వివరంగా రాశారు, ఆయనకు 2017లో నోబెల్ వచ్చింది. రూపాయి మీద ఏమీ రాసి ఉండదు. మనమే పెళ్ళి రూపాయి, పండగ రూపాయి, అప్పు రూపాయి అని పేర్లు పెట్టి విడివిడి గదుల్లో తాళం వేస్తాం. ఒక గదిలో వాన నీరు నిండినా పక్క గదిలో దాహం తీరదు.

పొందూరు_నూలు
కోట గారూ, మాస్టారూ, ఇక్కడ మీతో నాకు పేచీ ఉంది. డబ్బుకు పేర్లు పెట్టడాన్ని జబ్బు అనవద్దు.

మా అమ్మ మగ్గం కూలి మీద నలుగురు పిల్లల్ని పెంచింది. ఆవిడకు బ్యాంకు తెలియదు. మెంతుల డబ్బాలో బడి ఫీజు, ధనియాల డబ్బాలో వైద్యం ఖర్చు, దేవుడి గూటిలో అరసవల్లి రథసప్తమి ముడుపు. నాన్న అడిగినా, చుట్టాలు అడిగినా "అది ఫీజు డబ్బు" అనేది. ఆ ఒక్క మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయేవారు. అంతా ఒకే సంచిలో వేసి ఉంటే ఒక్క పండగకు ఖాళీ అయ్యేది. నేను డిగ్రీ చదివింది మెంతుల వాసన వేసే నోట్లతో. చేతికి వచ్చిన డబ్బును నలుగురూ లాక్కునే ఇంట్లో పేరు పెట్టడం ఒక్కటే తాళం.

నాగావళి గారి భార్య ఆ డిపాజిట్ వైపు ఎవరినీ చూడనివ్వకపోతే ఆవిడ తప్పేమీ లేదు. ఆయన ఒకసారి అప్పు చేసి స్థలం కొన్నారు. డిపాజిట్ తీసి అప్పు కట్టాక మళ్ళీ అంత దాస్తారని ఆవిడ ఏ ధైర్యంతో నమ్మాలి?

నాగావళి_గట్టు
నూలు గారూ, మా ఆవిడ అన్నది అచ్చంగా ఇదే. మీరు మా ఇంట్లో ఉన్నట్టు రాశారు.

చీపురుపల్లి_మాస్టారు
ఒప్పుకుంటున్నాను. పేరు పెట్టడం వల్ల డబ్బు నిలుస్తుంది, అదీ నిజమే. అయితే తాళానికి ఏడాదికి 44 వేలు అద్దె కడుతున్నారన్నది మాత్రం ఆవిడకు తెలియాలి.

రాజాం_కుర్రాడు
నాది వేరే దారి. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. 2022లో ఫోనులో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడటం మొదలుపెట్టాను, అంటే షేర్ల ధర పెరుగుతుందా పడుతుందా అని కాసే పందెం లాంటిది. మొదటి వారం 9 వేలు వచ్చాయి. ఆ 9 వేలే నన్ను ముంచాయి, నాకు ఇది చేతనవుతుందని నమ్మాను. తర్వాత ఒక్క రోజులో 40 వేలు పోయాయి. మర్నాడు ఆ 40 వేలు రాబట్టాలని రెట్టింపు పెట్టాను. పదకొండు నెలల్లో 6 లక్షలకు పైగా పోయింది. కొంత క్రెడిట్ కార్డు నుంచి తీశాను, దానికి నెలకు మూడున్నర శాతం.

ఎవరూ మోసం చేయలేదు. లాభంలో ఉన్నప్పుడు వెంటనే తీసేసుకునేవాణ్ణి, నష్టంలో ఉన్నప్పుడే తెగించేవాణ్ణి. రెండూ తలకిందులు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024లో ఇచ్చిన లెక్క తర్వాత చదివాను. మూడు ఆర్థిక సంవత్సరాలలో ఈ ఆట ఆడిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు, అందరి నష్టం కలిపి 1 లక్షా 80 వేల కోట్లకు పైన. నేను మొదలుపెట్టేనాటికి ఇది తెలిసి ఉన్నా ఆ మిగిలిన 7 శాతంలో నేనుంటాననే అనుకునేవాణ్ణేమో. నాన్నకు ఇంకా చెప్పలేదు.

సాలూరు_స్టీరింగు
చెప్పు తమ్ముడూ. నేను లారీ సంగతి మా నాన్నకు చెప్పడానికి రెండేళ్ళు ఆగాను. ఆ రెండేళ్ళలో అయిన ఖర్చే ఎక్కువ.

చీపురుపల్లి_మాస్టారు
రాజాం తమ్ముడు రాసిన ఆ "తలకిందులు" కూడా 1979 సిద్ధాంతంలో ఉంది. నష్టపు గోతిలో ఉన్నవాడు గోతిలోంచి బయటపడే చిన్న అవకాశం కోసం మామూలుగా ముట్టుకోని పందెం కూడా కాస్తాడు.

పలాస_జీడి
నిన్నటి నుంచి అన్నీ చదువుతున్నాను. చదువుతున్నకొద్దీ గుండె బరువెక్కింది. మీరందరూ తప్పు మనసులో వెతుకుతున్నారు. నాకు ఎంచుకునే దారి ఒక్కటైనా ఉందా అని ఎవరైనా అడిగారా?

ఉద్దానంలో మాకు నాలుగెకరాల జీడి తోట, గట్ల మీద కొబ్బరి. 2018 అక్టోబర్ 11 తెల్లవారేసరికి తిత్లీ తుఫాను వచ్చి పోయింది. లేచి చూస్తే మా తాత నాటిన చెట్లు వేళ్ళు పైకి పెట్టుకుని పడి ఉన్నాయి. పడ్డ చెట్లు తీయడానికి డబ్బు, మొక్కలకు డబ్బు. మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. అంతవరకు ఇల్లు గడవాలి. మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఏడాదికి 36 శాతమని నాకు తెలియదా? రెండేళ్ళ తొమ్మిది నెలలకు అప్పు అసలుకు అసలు అవుతుందని తెలియదా? తెలుసు. ఆ పూట ఇచ్చింది ఆ మనిషి ఒక్కడే.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. తర్వాతి ఏడాది బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పులు ఇస్తోందని పక్క ఊరి రైతు చెప్పాడు. పాసు పుస్తకం, రెండు సంతకాలు కావాలన్నాడు. నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని మా అబ్బాయి అడిగితే జవాబు లేదు. అప్పుడు నా బుర్రలో "ఈ శనివారం కూలీలకు ఏమి ఇవ్వాలి" అన్నది తప్ప ఇంకేదీ పట్టేది కాదు.

చీపురుపల్లి_మాస్టారు
పలాస అన్నా, మీరు చివరి రెండు వాక్యాలలో రాసినదాన్ని పరిశోధకులు కొలిచి చూపించారు. 2013లో ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డర్ షఫీర్, జియాయింగ్ జావో కలిసి ప్రచురించారు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు పంట చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆలోచనా శక్తి పరీక్షలు పెట్టారు. అదే మనిషి, అదే బుర్ర. డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో తప్పులు ఎక్కువ చేశాడు, డబ్బు వచ్చాక తగ్గాయి. కరువు మనసంతా ఆక్రమించుకుంటే మిగతా ఆలోచనకు చోటు మిగలదని వాళ్ళు తేల్చారు. మన సంకిలి వైపు చెరకు రైతుల్ని అడిగినా ఇదే చెబుతారు.

మీకూ నాగావళి గారికీ ఒకే కొలబద్ద పట్టడం నా పొరపాటు. ఆయన చేతిలో 4 లక్షలు ఉండి లెక్క వేయలేదు. మీ చేతిలో లెక్క వేసే తీరికే లేదు.

పలాస_జీడి
ఇది చదివి మా అబ్బాయికి చూపించాను మాస్టారూ.

ఉంగరాల_వీధి
పెళ్ళిళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. మా చెల్లి పెళ్ళికి 600 మందికి భోజనాలు. మూడు వందలు చాలని అందరికీ తెలుసు, నోరు విప్పి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆ అప్పు తీరేసరికి మేనకోడలు బడిలో చేరింది.

పొదుపుసంఘం_అక్క
మా గజపతినగరం వైపు సంఘంలో పది మందిమి. నెలనెలా పొదుపు, బ్యాంకు అప్పు వాయిదా, అన్నీ తీర్మానం పుస్తకంలో రాస్తాం. నేను ఒక్కదాన్నే అయితే ఏ నెలైనా "వచ్చే నెల చూద్దాం" అనుకునేదాన్ని. తొమ్మిది మంది ఎదురుగా కూర్చుంటే ఆ మాట నోట రాదు. ఉంగరాల వీధి గారూ, మీ చుట్టాలు ఖర్చు పెట్టించారు. మా సంఘం దాచిస్తుంది. నలుగురి కళ్ళు రెండు పనులూ చేస్తాయి.

నాగావళి గారికి ఇంకో మాట. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువ పెట్టి ఆ రూపాయిన్నర అప్పు తీర్చవచ్చు కదా? ఏడాదికి తొమ్మిది, పది శాతంలో వస్తుంది.

నాగావళి_గట్టు
బంగారం బ్యాంకుకు తీసుకెళ్తుంటే వీధిలో చూస్తారని మా అమ్మ ఒప్పుకోదు అక్కా. నోటు అప్పు ఎవరికీ కనిపించదు కదా.

ఆమదాలవలస_రైలు
అందరూ గతాన్ని తవ్వుతున్నారు. నేను రేపటి ప్రశ్న అడుగుతాను. నాగావళి గారూ, మీకు ఆ స్థలం లేదనుకోండి. రేపు ఉదయం చేతిలో ఆరున్నర లక్షల నగదు ఉంది. అదే స్థలం, అదే అనుమతి లేని లేఅవుటు, ఆరున్నరకు ఇస్తామంటే కొంటారా?

నాగావళి_గట్టు
కొనను.

ఈ మాట టైపు చేసి చాలాసేపు ఫోను పక్కన పెట్టి కూర్చున్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఈనాటికి కొనదగని స్థలాన్ని రోజూ ఉంచుకుంటున్నానంటే రోజూ కొంటున్నట్టే కదా.

ఆమదాలవలస_రైలు
ఆ ప్రశ్న నా సొంతం కాదు, మా అన్నయ్య దగ్గర నేర్చుకున్నది. మా పెద్దమ్మ ఒక తెలిసినామె దగ్గర చీటీ కట్టేది. చీటీ నమోదైనదా అని మేము అడిగితే "ఇరవై ఏళ్ళ పరిచయం" అని ఒకటే జవాబు. 1982 నాటి చట్టం ప్రకారం చీటీ రిజిస్ట్రార్ దగ్గర నమోదు కావాలి. ముక్కూ మొహం తెలియని మనిషి ఇదే చీటీ వేస్తే కడతావా పెద్దమ్మా అని మా అన్నయ్య అడిగాడు. కట్టనంది. అయినా కట్టింది. రెండేళ్ళకు ఆ తెలిసినామె ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. జవాబు తెలియడం వేరు, ఆ జవాబు ప్రకారం నడవడం వేరు. అందుకే అడుగుతున్నాను, నాలుగో నోటు ఎప్పుడు?

నాగావళి_గట్టు
18వ తేదీ.

పొందూరు_నూలు
ఈలోగా మీ ఆవిడతో కూర్చోండి. డిపాజిట్ తీయమని చెప్పకండి. ఆ డబ్బాకు పేరు అలాగే ఉంచి, డబ్బు ఎలా తిరిగి నింపుతారో కాగితం మీద చూపించండి. జీతం పడ్డ రోజునే బ్యాంకు దానంతట అదే తీసుకునేలా రాసివ్వండి. "మిగిలితే వేస్తాను" అంటే మా అమ్మ కూడా నమ్మేది కాదు.

చీపురుపల్లి_మాస్టారు
నూలు గారు చెప్పింది అమెరికాలో చేసి చూశారు. థేలర్, బెనార్ట్జీ అనే ఇద్దరు ఒక కంపెనీ ఉద్యోగులను "ఇప్పుడు కాదు, జీతం పెరిగినప్పుడల్లా పొదుపు కొంచెం పెంచుతాం, సరేనా" అని ముందుగానే ఒప్పించారు. చేరినవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. మనిషిని మార్చలేదు, తేదీని మార్చారు.

గంటస్తంభం
20వ తేదీ వచ్చింది. నాగావళి గారూ, ఏమైంది?

నాగావళి_గట్టు
ఆలస్యానికి మన్నించండి. మా ఆవిడకు ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. నూలు గారి మెంతుల డబ్బా దగ్గర రెండుసార్లు చదివించుకుంది. తర్వాత ఆవిడే కాగితం తీసుకుంది.

డిపాజిట్ తీశాం. గడువుకు ముందు తీసినందుకు బ్యాంకు వడ్డీలో కొంత కోసుకుంది. 4 లక్షలు అప్పుకు కట్టి, పాత నోటు వెనక్కి తీసుకుని, లక్షకు కొత్త నోటు రాశాను. ఇకమీదట వడ్డీ నెలకు 1,500. ఇన్నాళ్ళూ 7,500 కట్టే అలవాటు ఉంది కాబట్టి మిగతా 6,000 జీతం రోజునే అమ్మాయి పేరు మీద రికరింగ్ డిపాజిట్‌లోకి పోతుంది. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. అయిదేళ్ళలో 3 లక్షల 60 వేలు అసలు, పైన వడ్డీ. పాసు పుస్తకం అట్ట మీద మా ఆవిడ తన చేత్తో "అమ్మాయిది" అని రాసుకుని తన బీరువాలో పెట్టుకుంది.

స్థలం సంగతి మామగారికి నేనే చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపు ఊరుకుని, "ఆరున్నర ఇచ్చేవాడు ఇంకా ఉన్నాడా?" అని మాత్రం అడిగారు. 2022లో అడిగినాయన నంబరు వెతికి ఫోను చేశాను. ఇప్పుడు ఆరు అంటున్నాడు. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. ఆరు అనగానే మళ్ళీ కడుపులో అదే మెలిక. కానీ ఈసారి ఫోను పెట్టేయలేదు.

రాజాం_కుర్రాడు
నేను శనివారం రాత్రి బండికి ఊరికి వస్తున్నాను. నాన్నకు చెప్పాలి.

సాలూరు_స్టీరింగు
అన్నం తిన్నాక చెప్పు తమ్ముడూ, ముందు కాదు.

పలాస_జీడి
నాగావళి గారూ, నోటు వెనక్కి తీసుకున్నాక దాన్ని చింపేశారా, ఉంచారా? నాది వచ్చే ఏడాది తీరుతుంది, అందుకే అడుగుతున్నాను.